డ్రాగన్‌కి కాళ్లు రెండా, నాలుగా? మా అమ్మాయి బొమ్మకి మార్కులు కోసేశారు

అమలాపురం_శ్రీను
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పోయిన వారం బడిలో బొమ్మల పోటీ పెట్టి, డ్రాగన్‌ గీయమన్నారు. రెండు రోజులు కూర్చుని గీసింది. రెండు రెక్కలు, రెండు కాళ్లు, తోక చివర బాణం ములుకు. పొలుసులైతే ఒక్కొక్కటీ విడిగా గీసింది. మార్కులు వేయడానికి వచ్చినాయన చూసి, "ఇది డ్రాగన్ కాదమ్మా, వైవెర్న్. డ్రాగన్‌కి నాలుగు కాళ్లుండాలి" అని సగం మార్కులు కోసేశారు. పిల్ల ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

నెట్‌లో వెతికితే ఒక పట్టిక కనిపించింది. నాలుగు కాళ్లు, రెక్కలు ఉంటే డ్రాగన్. రెండు కాళ్లు, రెక్కలు ఉంటే వైవెర్న్. నాలుగు కాళ్లుండి రెక్కలు లేకపోతే డ్రేక్. రెండు కాళ్లుండి రెక్కలు లేకపోతే లిండ్‌వర్మ్. ఆ పట్టిక నిజమేనా? యూరప్ జనం పాత రోజుల్లో కూడా ఇలా కాళ్లు లెక్కపెట్టే పేర్లు పెట్టేవాళ్లా? వచ్చే నెల "యూరప్ డ్రాగన్లలో రకాలు" అని చార్ట్ చేయాలట. తప్పు చెప్పి పిల్లని మళ్లీ ఏడిపించడం నాకిష్టం లేదు.

విక్రమ్_గేమర్
ఆయన చెప్పింది కరెక్టే అన్నా. రెండు కాళ్లుంటే వైవెర్నే. నేను ఆడే గేమ్స్‌లో కూడా అలాగే ఉంటుంది. పాప కష్టపడి గీసి ఉంటుంది, కానీ రూల్ రూలే కదా.

పాతపుస్తకాల_పద్మ
విక్రమ్, ఆ రూల్ ఎక్కడ పుట్టిందో చూద్దాం. అది ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ వంశచిహ్నాల లెక్క. ఏ వంశం డాలు మీద ఏ బొమ్మ ఉండాలో రాసి పెట్టుకునే పద్ధతి వాళ్లది. పదహారో శతాబ్దం నుంచి అక్కడ నాలుగు కాళ్లదాన్ని డ్రాగన్ అని, రెండు కాళ్లదాన్ని వైవెర్న్ అని విడదీశారు. ఒకరి డాలు ఇంకొకరిది అనుకోకుండా ఉండాలంటే వాళ్లకి ఆ తేడా కావాలి. సముద్రం దాటి ఫ్రాన్స్‌కో జర్మనీకో వెళ్తే అంత పట్టింపు లేదు.

అంతకుముందు చిత్రకారులు రెండు కాళ్లవాటిని హాయిగా డ్రాగన్లనే గీశారు. ఇటలీ చిత్రకారుడు పావొలో ఉచ్చెల్లో 1470 ప్రాంతంలో వేసిన, సెయింట్ జార్జ్ డ్రాగన్‌ని పొడిచే బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అందులో ఆకుపచ్చ డ్రాగన్, రెక్కల మీద గుండ్రటి మచ్చలు, కాళ్లు రెండే! శ్రీను గారూ, ఆ బొమ్మ ప్రింట్ తీసి పాప చేతికివ్వండి.

అమలాపురం_శ్రీను
చూపించాను పద్మ గారూ. "నాన్నా, దీని రెక్కలు సీతాకోకచిలుకవిలా ఉన్నాయి" అంది. రాత్రి అన్నం తింది. చాలా థాంక్స్.

విక్రమ్_గేమర్
మేడమ్, అయితే రకాలే లేవంటారా? మరి లిండ్‌వర్మ్, డ్రేక్ అనే పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

పాతపుస్తకాల_పద్మ
పేర్లు పాతవే. వాటికి కాళ్ల లెక్క కట్టడం కొత్తది. పాత ఇంగ్లిష్‌లో ఒక వీరగాథ ఉంది, బేవుల్ఫ్ అనే రాజుది. వెయ్యేళ్ల కిందటి రాతప్రతి మిగిలింది. అందులో డ్రాగన్ 300 ఏళ్లు నిధి మీద పడుకుని ఉంటుంది. ఎవడో ఒక గిన్నె దొంగిలిస్తే లేచి రాత్రిళ్లు ఎగురుతూ ఊళ్లు తగలబెడుతుంది. చచ్చాక కొలిస్తే 50 అడుగులు. ఆ కవి ఆ ఒక్క జంతువునే ఒకచోట "డ్రాకా" అంటాడు, ఇంకోచోట "విర్మ్" అంటాడు. మొదటిదే డ్రేక్, రెండోదే లిండ్‌వర్మ్‌లోని వర్మ్. పట్టిక ప్రకారం డ్రేక్‌కి రెక్కలుండకూడదు. ఇదేమో ఎగురుతోంది, నిప్పు కక్కుతోంది.

కరీంనగర్_కిరణ్
పద్మక్కా, వర్మ్ అంటే పురుగు కదా? 50 అడుగుల పురుగా?

తెనాలి_మాస్టారు
కిరణ్, పాత ఇంగ్లిష్‌లో ఆ మాటకు పాము అనే అర్థం కూడా ఉంది. మన పల్లెల్లో రాత్రిపూట పాము పేరెత్తకుండా "పురుగు" అనడం వినే ఉంటావు. "పురుగు ముట్టింది" అంటే ఏమిటో మా ఊళ్లో చిన్న పిల్లలకి కూడా తెలుసు.

డ్రాగన్ అనే మాట గ్రీకు "డ్రాకోన్" నుంచి వచ్చింది. దానికి మూలం చూడటం అనే అర్థమున్న ధాతువు అని పండితులు చెబుతారు. రెప్ప వేయకుండా చూసేది అన్నమాట. మన సంస్కృత "దృశ్" కూడా ఆ కుదురులోదే. దృష్టి, దర్శనం, డ్రాగన్ దూరపు చుట్టాలు. గ్రీకులకు డ్రాకోన్ అంటే ముందు పెద్ద పామే. కాళ్లూ రెక్కలూ తర్వాత వచ్చి చేరాయి. ఏడో శతాబ్దంలో సెవిల్ బిషప్ ఇసిడోర్ రాసిన దాంట్లో కూడా డ్రాగన్ అంటే పాములన్నిటిలోకీ పెద్దది. దాని బలం కోరల్లో ఉండదు, తోకలో ఉంటుంది. ఏనుగుని సైతం చుట్టి ఊపిరాడకుండా చంపుతుంది. అది పుట్టేది ఇథియోపియాలో, ఇండియాలో అని రాశాడు.

భరతభూమి
చూశారా! డ్రాగన్ మన దేశానిదే. వాళ్లు మన నుంచి ఎత్తుకుపోయారు.

తెనాలి_మాస్టారు
అలా అనకండి నాయనా. అంతకు ఆరు వందల ఏళ్ల ముందే రోమ్‌లో ప్లీనీ అనే రచయిత కూడా ఇండియాలో ఏనుగులతో డ్రాగన్లు పోట్లాడతాయని రాశాడు. తాము చూడని దూరదేశంలో వింతలన్నీ ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. మనం మాత్రం సప్తసముద్రాల అవతల ఏమేమి ఉన్నాయని చెప్పుకోలేదు?

చుట్టరికం మాత్రం నిజం. ఋగ్వేదంలో ఇంద్రుడు చంపిన వృత్రుడికి "అహి" అని పేరు, అంటే పాము. నీళ్లని కొండలో బంధించి కూర్చుంటాడు. పారసీకుల పవిత్ర గ్రంథం అవెస్తాలో "అజి దహాక" ఉన్నాడు. ఆ అజి, మన అహి ఒకే మాట. అదే పారసీ నుంచి టర్కీ మీదుగా బాల్కన్ దేశాలకు వెళ్లి, సెర్బియాలో "అజ్దాయా" అయింది. ఇందులో ఎత్తుకుపోవడం లేదు, పంచుకోవడం ఉంది.

కార్డిఫ్_కవిత
నేనుండేది వేల్స్‌లో. ఇక్కడ జెండా మీదే ఎర్ర డ్రాగన్ ఉంటుంది, నాలుగు కాళ్లతో. దాన్ని 1959లో అధికారిక జెండాగా ఒప్పుకున్నారు. రగ్బీ మ్యాచ్ రోజున వీధి వీధంతా అదే.

దాని కథ తొమ్మిదో శతాబ్దం నాటి ఒక లాటిన్ చరిత్ర పుస్తకంలో ఉంది. వర్టిగర్న్ అనే రాజు కొండ మీద కోట కడుతుంటే, పగలు కట్టింది రాత్రికి మాయమైపోయేది. తండ్రి లేని పిల్లవాడిని బలిచ్చి వాడి నెత్తురు చల్లితే నిలబడుతుందని మంత్రగాళ్లు చెప్పారు. పట్టుకొచ్చిన పిల్లవాడు, "కింద ఒక మడుగు ఉంది, తవ్వి చూడండి" అన్నాడు. తవ్వితే రెండు డ్రాగన్లు, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. తెల్లది బయటి నుంచి వచ్చిపడ్డ సాక్సన్లట, ఎర్రది అక్కడి పాత జనం బ్రిటన్లట. ఎర్రది మూడుసార్లు వెనకబడి, చివరికి తెల్లదాన్ని తరిమేసింది. ఆ కొండ పేరు డినాస్ ఎమ్రిస్. నేను పోయిన వేసవిలో పిల్లలతో ఎక్కాను. పైన ఇప్పటికీ గుంట ఉంది. మా చిన్నది అందులోకి తొంగి చూసి "పడుకున్నాయా అమ్మా?" అని గుసగుసగా అడిగింది.

అనంత_సుధ
కవితా, ఇది చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. మా అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ముసలమ్మ అనే కోడలు బలిగా వెళ్లిందని చెప్పుకుంటారు కదా. కట్టింది నిలవకపోతే ఒక ప్రాణం అడగడం అక్కడా ఉందన్నమాట. మీ కథలో పిల్లవాడు తప్పించుకున్నాడు. మా ముసలమ్మ తప్పించుకోలేదు.

కథలపిచ్చి_రాధ
సెయింట్ జార్జ్ కథ విన్నప్పుడల్లా నాకు బకాసురుడు గుర్తొస్తాడు. పదమూడో శతాబ్దంలో యాకోపో ద వొరాజినే కూర్చిన పుణ్యపురుషుల కథల్లో ఇది లిబియాలో సిలేన్ అనే ఊళ్లో జరుగుతుంది. చెరువులో డ్రాగన్‌కి రోజూ రెండు గొర్రెలు వేసేవారు. గొర్రెలు తరిగిపోయాక చీట్లు వేసి మనుషుల్ని పంపడం మొదలుపెట్టారు. చివరికి రాజు కూతురి పేరు వచ్చింది. ఏకచక్రపురంలో బండెడు అన్నం, దున్నలు, ఒక మనిషి, ఇంటికో వంతు! అచ్చం అదే.

కానీ నాకు ఇష్టమైన ముక్క బొమ్మల్లో పెద్దగా కనపడదు. జార్జ్ ఈటెతో పొడిచాక, రాజకుమారిని తన నడుం పట్టీ తీసి దాని మెడకి కట్టమంటాడు. అది పెంపుడు కుక్కలా ఆమె వెనకే ఊళ్లోకి నడిచి వస్తుంది.

విక్రమ్_గేమర్
ఆ పావొలో బొమ్మలో అమ్మాయి చేతిలో తాడు ఉంది కదా! డ్రాగన్ మెడకి కట్టి ఉంది. నేను అది చూసి, దాన్ని ఆమే పెంచుకుంటోంది, ఈయనెవరో వచ్చి పొడుస్తున్నాడు అనుకున్నాను.

కథలపిచ్చి_రాధ
అదేనమ్మా ఆ పట్టీ. నీ కన్ను మంచిది.

తులూజ్_తేజ
నడుం పట్టీ అంటే ఫ్రాన్స్ గుర్తొచ్చింది. రోన్ నది ఒడ్డున తరాస్కోన్ అనే ఊరుంది. అక్కడి డ్రాగన్ పేరు తరాస్క్. సింహం తల, తాబేలు డిప్ప, ఆరు కాళ్లు. శ్రీను గారి పట్టికలో ఆరు కాళ్లకి గడే లేదు! సెయింట్ మార్త శిలువ చూపించి, పవిత్ర జలం చల్లి, తన పట్టీతో కట్టి ఊళ్లోకి తీసుకొచ్చింది. అది ఏమీ చేయకుండా నిలబడితే జనం భయంతో పొడిచి చంపేశారు. ఇప్పటికీ జూన్ చివర్లో పెద్ద తరాస్క్ బొమ్మని వీధుల్లో తిప్పుతారు. ఫ్రాన్స్, బెల్జియంలలో ఇలా ఊరేగించే డ్రాగన్లని, రాక్షస బొమ్మలని 2005లో యునెస్కో గుర్తించింది. నేను ఒకసారి వెళ్లాను. మన వినాయకుడి ఊరేగింపులో లాగే పిల్లలు తండ్రుల భుజాల మీద ఎక్కి చూస్తున్నారు. అది దగ్గరికి రాగానే నా ముందున్న చిన్న పిల్ల తండ్రి జుట్టు గట్టిగా పట్టుకుంది.

ఇంకొకటి రువాన్ ఊరిది, సెన్ నదిలో ఉండేది, పేరు గార్గూయ్. సెయింట్ రొమేన్ దాన్ని పట్టి తెస్తే కాల్చారు. తల, మెడ కాలలేదట. నిప్పు కక్కి కక్కి అలవాటైపోయింది కదా. వాటిని చర్చి గోడకి తగిలించారట. చర్చిల మీద వాననీళ్లు కక్కే రాతి బొమ్మల్ని గార్గాయిల్ అనడం అందుకే అని అక్కడి జనం చెబుతారు.

పాతపుస్తకాల_పద్మ
తేజా, చివరిది మాత్రం తిరగేసిన కథలా ఉంది. గార్గూయ్ అనే మాటలో ఉన్నది గొంతు. నీళ్లు కక్కే గొట్టానికి ఆ పేరు, గొట్టం నుంచి కథ. కథ బాగుంది కాబట్టి చార్ట్‌లో పెట్టొచ్చు, "అని చెబుతారు" అని రాస్తే చాలు.

తులూజ్_తేజ
ఒప్పుకుంటున్నాను అక్కా. వైవెర్న్ గురించి కూడా ఒక మాట. దాని తాత ఫ్రెంచ్ మాట "వీవ్ర్", అంటే విషప్పాము. ఫ్రాన్స్ తూర్పున జూరా కొండల్లో ఆ మాటే "వూయీవ్ర్" అయింది. అక్కడ అది ఎగిరే పాము, కొన్ని ఊళ్లలో పాముల్ని ఏలే స్త్రీ. నుదుటి మీద నిప్పుకణికలా మెరిసే మణి ఉంటుంది. స్నానానికి దిగేటప్పుడు మణి తీసి గట్టున పెడుతుంది. అప్పుడు దొంగిలించినవాడు మహా ధనవంతుడవుతాడు, పట్టుబడితే ప్రాణం పోతుంది.

కరీంనగర్_కిరణ్
గిది మన నాగమణి కథే కదా అన్నా! మా నాయనమ్మ సరిగ్గా గిట్లనే చెప్పేది. పాము మణిని పక్కన పెట్టి ఆ వెలుతుర్ల మేతకి పోతది, దాని మీద పేడ వేసి కప్పేస్తే పాము తల కొట్టుకుని చస్తది అని. అంటే ఇంగ్లండోళ్లు కాళ్లు లెక్కపెట్టిన వైవెర్న్‌కి జూరాలో కాళ్లే లేవు, మణి ఉన్నది!

భరతభూమి
మణి ఉంది, నిధి ఉంది. లంకెబిందెల మీద పాము కాపలా కూడా అక్కడ ఉందన్నమాట.

పాతపుస్తకాల_పద్మ
ఉంది. స్పెయిన్ ఉత్తరాన అస్తూరియాస్‌లో కువెలెబ్రె అనే రెక్కల పాము గుహల్లో నిధిని కాస్తుంది. నార్వే, ఐస్‌లాండ్ కథల్లో ఫాఫ్నిర్ మరీ విచిత్రం. వాడు పుట్టుకతో డ్రాగన్ కాదు. బంగారం కోసం తండ్రిని చంపి, దాన్ని ఎవరికీ ఇవ్వకుండా దాని మీద పడుకుని పడుకుని పాముగా మారాడు. రెక్కల్లేవు, పాకుతాడు. నీళ్లు తాగడానికి వెళ్లే దారిలో సిగుర్డ్ అనే వీరుడు గొయ్యి తవ్వి, అందులో దాక్కుని కింది నుంచి పొడిచాడు. స్వీడన్‌లో రాంసుండ్ దగ్గర 1030 ప్రాంతంలో బండ మీద ఈ కథంతా చెక్కారు. అక్షరాలు రాసిన పట్టీయే డ్రాగన్ ఒళ్లు, సిగుర్డ్ కింది నుంచి కత్తి దూర్చేది ఆ అక్షరాల్లోకే.

మన దగ్గర కూడా పిసినారి చచ్చి తన బిందెల మీద పామై పుడతాడంటారు కదా. ఫాఫ్నిర్ చావకుండానే అయ్యాడు.

న్యూకాజిల్_నవీన్
మా పక్క ఊరి వర్మ్ సంగతి చెప్పకపోతే ఇక్కడి వాళ్లు నన్ను ఊరుకోరు. ఇంగ్లండ్‌లో డరమ్ జిల్లా, అక్కడ వేర్ నది. జాన్ లాంబ్టన్ అనే కుర్రాడు ఆదివారం చర్చికి వెళ్లకుండా చేపలు పడుతుంటే చిన్న పురుగులాంటిది పడింది. చీదరించుకుని బావిలో పారేసి, కొన్నాళ్లకి క్రూసేడ్ యుద్ధానికి వెళ్లిపోయాడు. అది బావిలో పెరిగి పెరిగి కొండని చుట్టేసేంత అయింది. రోజూ తొమ్మిది ఆవుల పాలు తొట్టెలో పోస్తే గానీ ఊరుకునేది కాదు. ఎన్ని ముక్కలుగా నరికినా మళ్లీ అతుక్కునేది.

జాన్ ఏడేళ్లకి తిరిగొచ్చాడు. మంత్రాలు తెలిసిన ఒక ముసలావిడ ఉపాయం చెప్పింది. కవచం నిండా ఈటె మొనలు బిగించుకుని నది మధ్యలో నిలబడమంది. అది చుట్టుకోగానే మొనలకి తెగింది, ముక్కల్ని ప్రవాహం కొట్టుకుపోయింది, అతుక్కోవడానికి వీల్లేకపోయింది. షరతు ఒకటుంది. గెలిచాక ముందు ఎదురొచ్చిన ప్రాణిని చంపాలి. కొమ్ము ఊదగానే వేటకుక్కని వదలాలని ఏర్పాటు. ముసలి తండ్రి సంతోషంలో అన్నీ మరిచి తానే పరిగెత్తుకొచ్చాడు. తండ్రిని చంపలేకపోయాడు. తొమ్మిది తరాల పాటు ఆ ఇంట్లో ఎవరూ మంచం మీద చావరని శాపం పడింది.

కరీంనగర్_కిరణ్
జరాసంధుడు! కృష్ణుడు గడ్డిపోచ చీల్చి అటుది ఇటు, ఇటుది అటు పారేసి చూపిస్తడు కదా. ఇక్కడ ఆ పని నది చేసింది.

కథలపిచ్చి_రాధ
కిరణ్, నువ్వు భలే పట్టుకున్నావు. నాకు మాత్రం ఆ తండ్రి పరిగెత్తడం దగ్గర గొంతు పట్టేసింది.

వెటర్నరీ_వాసు
నా ఉద్దేశంలో ఇవన్నీ పాత ఎముకల నుంచి పుట్టిన కథలు. ఆస్ట్రియాలో క్లాగెన్‌ఫుర్ట్ ఊరి మధ్య లిండ్‌వర్మ్ విగ్రహం ఉంది, 1590 ప్రాంతంలో చెక్కింది. దాని తలకి నమూనా అక్కడికి దగ్గర్లో 1335లో దొరికిన ఒక పుర్రె అంటారు. అది మంచుయుగం నాటి ఉన్ని ఖడ్గమృగం పుర్రె. విక్రమ్, ఆ లిండ్‌వర్మ్‌కి రెక్కలున్నాయి చూసుకో.

పోలండ్‌లో క్రాకోవ్ చర్చి గుమ్మం దగ్గర కూడా గొలుసుకి పెద్ద ఎముకలు వేలాడుతుంటాయి. డ్రాగన్‌వని చెబుతారు. మామత్, తిమింగలం, ఖడ్గమృగం ఎముకలని మా వాళ్ల అంచనా.

క్రాకోవ్_మెడికో
వాసు గారూ, నేను చదివేది ఇక్కడే. ఎముకలు నిజమే. కానీ ఒక్క ఊరి ఎముక తీసుకుని అన్ని ఊళ్ల కథలకీ అంటించకండి. ఇక్కడి కథకి ఎముక కంటే గుహ ముఖ్యం. వావెల్ కొండ కింద, విస్తులా నది పక్కన ఆ గుహ ఇప్పటికీ ఉంది, మెట్లు దిగి లోపలికి వెళ్లొచ్చు.

పిల్లలకి చెప్పే కథలో స్కూబా అనే చెప్పులు కుట్టే కుర్రాడు గొర్రె తోలులో గంధకం కూరి గుహ ముందు పెడతాడు. డ్రాగన్ మింగి, కడుపు మంటకి విస్తులా నీళ్లు తాగి తాగి పగిలిపోతుంది. కానీ పదమూడో శతాబ్దం మొదట్లో విన్సెంటీ కడ్వుబెక్ రాసిన పాత కథలో స్కూబా లేడు. రాజు కొడుకులిద్దరు చంపుతారు. తర్వాత పేరంతా తనకే రావాలని తమ్ముడు అన్నని చంపేసి, డ్రాగనే చంపిందని ఇంటికొచ్చి చెబుతాడు. నిజం బయటపడి దేశం విడిచిపోతాడు. గుహ బయట 1972 నుంచి ఉన్న కంచు డ్రాగన్ కొద్ది నిమిషాలకోసారి గ్యాస్‌తో నిజం మంట ఊదుతుంది. చదువు టెన్షన్ ఎక్కువైనప్పుడు నేను వెళ్లి దాని ముందు కూర్చుంటాను.

వెటర్నరీ_వాసు
సరే, అన్నీ ఎముకలే అనను. అమ్మా, పరీక్షలు బాగా రాయి.

రెండు తలల పాము గురించి ఒక మాట చెప్పాలి. యూరప్ పాత పుస్తకాల్లో ఆంఫిస్‌బీనా అని ఉంటుంది, తోక దగ్గర కూడా తల. మన దగ్గర ఎర్ర మట్టిపాముని రెండు తలల పాము అంటారు. దాని తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది, అంతే. దాన్ని లక్షలకి కొంటామని తిరిగే మోసగాళ్ల మాట నమ్మి మా బంధువొకాయన డబ్బు పోగొట్టుకున్నాడు. దాన్ని పట్టడం, అమ్మడం నేరం. ఎక్కడైనా కనిపిస్తే అటవీ శాఖకి చెప్పండి.

అమలాపురం_శ్రీను
వాసు గారూ, మంచి మాట. మా వైపు కూడా అలాంటివాళ్లు తిరుగుతుంటారు.

ఒక సందేహం. అన్నిచోట్లా డ్రాగన్ చెడ్డదేనా? చంపడమేనా కథంతా? మా అమ్మాయి అడుగుతోంది.

కథలపిచ్చి_రాధ
కాదని చెప్పండి. బల్గేరియాలో జ్మేయ్ ఊరికి కాపలా. పంట మీదికి వడగళ్లు తెచ్చే లామ్యా, హలా అనే రాక్షసాలతో మబ్బుల్లో పోరాడతాడు. ఉరుము వినిపిస్తే జ్మేయ్ పోరాడుతున్నాడనుకునేవారు. ఊళ్లో పిల్లని ప్రేమిస్తాడు కూడా. ఏ అమ్మాయైనా పాలిపోయి, ఎవరితో మాట్లాడకుండా ఒంటరిగా కూర్చుంటే "జ్మేయ్ ప్రేమించాడు" అనేవారు. రష్యాలో మాత్రం అదే మాట మూడు తలల గొరీనిచ్‌కి పేరు. అక్కడ దొబ్రీన్యా అనే వీరుడు వాడిని చంపుతాడు. పేరు ఒకటే, ఒక ఊళ్లో కావలివాడు, ఇంకో ఊళ్లో శత్రువు.

లిథువేనియాలో ఐత్వరాస్ అని ఇంటి డ్రాగన్ ఉంటుంది. ఇంట్లో నల్ల కోడిపుంజులా తిరుగుతుంది. బయటికి వెళ్తే నిప్పు తోకతో ఆకాశంలో దూసుకుపోతుంది, మన కొరివిదెయ్యం వెలుగులా అనుకోండి. పక్కింటి ధాన్యం, డబ్బు ఎత్తుకొచ్చి యజమాని ఇంట్లో పోస్తుంది.

కరీంనగర్_కిరణ్
రాధక్కా, అది మంచిదెట్లయితది? పక్కింటోళ్లని అడగండి!

కథలపిచ్చి_రాధ
అవును, దాన్ని ఇంట్లో పెట్టుకున్నవాళ్లకి చివరికి చెడ్డ పేరే వచ్చేది. నీ మాట ఒప్పుకుంటున్నాను.

గుంటూరు_గ్రేస్
ఇంతసేపూ చదువుతున్నాను. ఎవరూ అనలేదు కాబట్టి చెబుతున్నాను, తెలుగులో డ్రాగన్‌కి మాట ఉంది. మా అమ్మమ్మ రాత్రి దీపం దగ్గర బైబిల్లోని ప్రకటన గ్రంథం పైకి చదివేది. అందులో ఏడు తలలు, పది కొమ్ముల ఎర్రని "మహాఘటసర్పము". మిఖాయేలు అనే దేవదూత దాంతో యుద్ధం చేస్తాడు. ఆ మాట ఆమె గొంతులో వింటే నిజంగా భయమేసేది. డ్రాగన్ అంటే నాకు ఆ భయం రాదు. పాప చార్ట్ పైన ఆ మాట రాస్తే నాకు సంతోషం.

తెనాలి_మాస్టారు
మంచి మాట గుర్తు చేశావమ్మా. ఆ మిఖాయేలే యూరప్‌లో సెయింట్ మైకేల్. ఆయన కాళ్ల కింద కనిపించే డ్రాగన్లన్నిటికీ మూలం ఆ అధ్యాయమే. తప్పకుండా రాయాలి.

విక్రమ్_గేమర్
శ్రీను అన్నా, నేను మొదట చెప్పింది సగమే కరెక్ట్. ఇంగ్లండ్ డాళ్ల మీద మాత్రం ఆ రూల్ ఉంది, మిగతా చోట్ల లేదు. పాపకి సారీ చెప్పండి. నాకొక ఐడియా. రకాల పట్టిక వద్దు, మ్యాప్ గీయమనండి. యూరప్ మ్యాప్ గీసి, ఏ ఊళ్లో ఏ డ్రాగన్ ఉందో అక్కడ దాని బొమ్మ పెట్టాలి. ఇప్పటిదాకా వచ్చినవన్నీ ఒక నదికో కొండకో గుహకో కట్టేసి ఉన్నాయి కదా.

పాతపుస్తకాల_పద్మ
విక్రమ్, శభాష్. రకం అడిగితే ఊరి పేరు చెప్పడమే సరైన జవాబు.

అమలాపురం_శ్రీను
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. మ్యాప్ మొదలైంది. డినాస్ ఎమ్రిస్‌లో రెండు, వేర్ నదిలో ఒకటి, తరాస్కోన్‌లో ఆరు కాళ్లది, జూరాలో మణి, క్రాకోవ్‌లో మంట. పైన పెద్ద అక్షరాలతో "యూరప్ ఘటసర్పాలు" అని రాసింది గ్రేస్ గారూ. తన పాత బొమ్మని కత్తిరించి ఇటలీలో అంటించింది, ఆ పావొలో గారి ఊరి దగ్గర. ఇటలీకి తూర్పున, ఆస్ట్రియా కింద కొంచెం చోటు మిగిలింది. అక్కడ ఏమైనా ఉందా?

మాస్టర్స్_మానస
స్లొవేనియా! నేను చదివేది ల్యుబ్ల్యానాలో. 1901లో తెరిచిన వంతెన మీద నాలుగు మూలలా పెద్ద డ్రాగన్లు కూర్చుని ఉంటాయి. గ్రీకు వీరుడు జేసన్ ఇక్కడి చిత్తడి నేలలో డ్రాగన్‌ని చంపాడని కథ.

కానీ పాపకి ఇంకోటి చెప్పండి. ఇక్కడి కొండల కింద గుహల్లో నీళ్లు పారతాయి. ఆ చీకటి నీళ్లలో ఆల్మ్ అనే జీవి ఉంటుంది, జానెడు పొడవు, మనిషి ఒంటి రంగు. గట్టి వానలు పడితే నీళ్లతో కొట్టుకుని బయటికి వచ్చేది. ఊరి జనం, "లోపల పెద్ద డ్రాగన్ ఉంది, ఇవి దాని పిల్లలు" అనుకునేవారని వల్వజోర్ అనే పండితుడు 1689లోనే రాశాడు. ఇది కథ కాదు, బతికున్న జంతువు. వందేళ్ల దాకా బతకగలదు. 2016లో పోస్తోయ్నా గుహలో గుడ్లు పొదిగి పిల్లలు బయటికొస్తే మా ఊరంతా పండగ చేసుకుంది. ఆ చిన్న చోటులో దాన్నే గీయమనండి.

అమలాపురం_శ్రీను
చదివి వినిపించాను. పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. "నాన్నా, దీనికి కాళ్లెన్నో సరిగ్గా కనుక్కో, ఈసారి తప్పు పోకూడదు" అంటోంది.

మాస్టర్స్_మానస
నాలుగు. సన్నగా పుల్లల్లా ఉంటాయి. ముందు కాళ్లకి మూడేసి వేళ్లు, వెనక కాళ్లకి రెండేసి. మెడకి రెండు పక్కలా ఎర్రటి మొప్పలు కుచ్చుల్లా గీయాలి. కళ్లు మాత్రం గీయొద్దని చెప్పండి, వాటి మీద చర్మం కప్పేసి ఉంటుంది.